కొండచరియల ముప్పు - గ్రామ పంచాయతీ కర్తవ్యము

తుపాను, వరద, అగ్నిప్రమాదము - ఈ మూడింటిని ఎరుగని గ్రామము మన రాష్ట్రమున లేదు. తుపాను వచ్చుచున్నదని కొన్ని దినముల ముందుగనే తెలియును. ఏరు పొంగుచున్నపుడు గట్టుమీద నిలిచి నీటిమట్టమును కొలువవచ్చును. కొండచరియ విషయము అట్టిది కాదు. తాతల కాలమునుండి కదలక నిలిచియున్న కొండవాలు ఒక రాత్రి కురిసిన వానకు జారి, నిద్రించుచున్న ఊరిపై పడవచ్చును. పడుటకు పట్టు కాలము కొన్ని నిమిషములే. ఆ నిమిషములలో ప్రభుత్వ యంత్రాంగమేదియు అచటికి చేరజాలదు. చేరుటకు సిద్ధముగ నుండవలసినది ఆ గ్రామమే. అందుచేతనే ఈ విషయమును పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగ తెలిసికొనవలసియున్నది.

ఇది హిమాలయముల సంగతి కదా, మనకేల యని కొందరు అనవచ్చును. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ శాఖవారి లెక్క ప్రకారము, మంచుతో కప్పబడిన ప్రాంతములను విడిచినను, మన దేశ భూభాగమున నూటికి 12.6 వంతులు, అనగా దాదాపు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు కొండచరియల ముప్పు గలది. ఆ లెక్కలో హిమాలయములు, ఈశాన్య రాష్ట్రములు, పడమటి కనుమలతోపాటు మన అరకు ప్రాంతపు తూర్పు కనుమలు కూడ చేరియున్నవి. కొత్తవలస - కిరండూలు రైలుమార్గముపై బండరాళ్ళు, మట్టి పడి రాకపోకలు నిలిచిపోవుట పలుమారులు జరిగినది. 2021 డిసెంబరు 1వ తేదీన తిరుమల ఘాటురోడ్డుపై పెద్ద బండలు దొర్లిపడి మార్గము దెబ్బతినినది. 2024 ఆగస్టు 31వ తేదీన విజయవాడ మొగల్రాజపురమున కొండచరియ విరిగి ఇండ్లపై పడగా ప్రాణనష్టము కలిగినది. కావున ఇది మనకు దూరపు ముచ్చట కాదు.

కొండ ఏల జారును?

వాలుపైనున్న మట్టి క్రిందికి జారకుండ నిలుపునవి ముఖ్యముగ రెండు: మట్టిరేణువుల నడుమ గల రాపిడి, చెట్లవేళ్ళ పట్టు. వాననీరు ఇంకిన కొలదియు మట్టి బరువెక్కును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. రేణువుల సందులలో నీరు నిండి ఒత్తిడి హెచ్చి, ఆ రేణువులను ఎడముచేయును. అంతట రాపిడి తగ్గును. క్రింద గట్టి రాతిపొర ఉన్నచో నీరు దానిలోనికి దిగజాలక, ఆ రాతికిని మట్టికిని నడుమ నిలుచును. తడిసిన అరుగుపై గోనెపట్టా జారినట్లు పైమట్టి యంతయు ఆ రాతిపై జారును.

నీటి బరువు ఎంతటిదో చిన్న లెక్కచే తెలిసికొనవచ్చును. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరు పడినట్లు. ఒక ఎకరముపై 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో దాదాపు నాలుగు లక్షల లీటర్లు, అనగా నాలుగువందల టన్నుల నీరు పడును. దానిలో కొంత వాలున పారిపోవును, కొంత ఇంకును. ఎంత ఇంకును, ఎంత పారును అనునది ఆ కొండపై మనము చేసిన పనులపై ఆధారపడి యుండును.

వాలు పాదమును త్రవ్వి ఇల్లు కట్టుట, దారి వేయుట, రాతిక్వారీ పెట్టుట, చెట్లను నరికి వాలును బోడిచేయుట, గెడ్డ పారుదారిని మూసివేయుట - ఇవన్నియు కొండను బలహీనపరచును. గోడ మొదట ఇటుకలు లాగివేసిన పై వరుసలు నిలువవు. కొండపాదమును త్రవ్విన పైవాలు సంగతియు అంతియే. వాన నిప్పురవ్వ వంటిది. దానికి తగిన ఎండుగడ్డిని చాలచోట్ల మన చేతులే పేర్చి పెట్టుచున్నవి.

నాలుగు ఊళ్ళు నేర్పిన పాఠములు

మహారాష్ట్రమున పూనా జిల్లా అంబేగావ్ తాలూకాలో మాలిన్ అను గ్రామము కలదు. 2014 జూలై 30వ తేదీ ఉదయము దానిపై కొండ విరిగిపడినది. 150 మందికి పైగా మరణించిరి. ఆ దారిన వచ్చిన ఒక బస్సు డ్రైవరు, ఊరు ఉండవలసినచోట మట్టి కనబడుట చూచి చెప్పువరకు ఆ సంగతి బయటివారికి తెలియలేదు. ఆపద వచ్చినదని చెప్పుటకు కూడ ఎవరును మిగులని పరిస్థితి అది.

కేరళమున ఇడుక్కి జిల్లా పెట్టిముడి యందు తేయాకు తోట కార్మికుల వరుస ఇండ్లు ఉండెను. 2020 ఆగస్టు 6వ తేదీ రాత్రి వానిపై కొండచరియ పడగా 70 మంది మరణించిరి లేక కనబడకుండ పోయిరి. విద్యుత్తు, టెలిఫోను సౌకర్యములు నిలిచియుండుటచే మరునాటి ఉదయమునకు గాని వార్త బయటికి రాలేదు. ఆపత్సమయమున పనిచేయవలసిన ఫోను ఆపత్సమయముననే మూగపోవునని ఈ ఊరు నేర్పినది.

మహారాష్ట్రమున రాయగఢ్ జిల్లా ఇర్శాల్‌వాడి ఒక గిరిజనుల వాడ. దానికి బండిదారి లేదు. కాలిబాటన కొండ ఎక్కవలెను. 2023 జూలై 19వ తేదీ రాత్రి కొండచరియ పడినపుడు మట్టిని తీయు పెద్ద యంత్రములు అచటికి చేరలేకపోయినవి. 27 మృతదేహములు దొరకినవి; 57 మంది కనబడకపోయిరి. గమనింపదగిన విషయమేమనగా, ముప్పుగల గ్రామముల జాబితాలో ఈ వాడ పేరు లేదు. జాబితాలో పేరు లేనంతమాత్రమున భయము లేదనుకొనరాదు.

నాలుగవది కేరళమున వయనాడు జిల్లా మేప్పాడి పంచాయతీలోని ముండక్కై, చూరల్‌మల గ్రామములు. అచట 48 గంటలలో 572 మిల్లీమీటర్ల వాన కురిసినదని ఆ రాష్ట్ర ప్రభుత్వము తెలిపినది. 2024 జూలై 30వ తేదీ తెల్లవారక మునుపే మట్టి, బండలు, చెట్లు కలిసిన ప్రవాహము ఊళ్ళపై పడినది. కనబడకపోయినవారితో కలిపి 298 మంది మృతి చెందిరని ప్రభుత్వము లెక్క తేల్చినది. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఉపగ్రహ చిత్రములను పరిశీలించి, ఆ కొండచరియ సముద్రమట్టమునకు 1,550 మీటర్ల ఎత్తున విరిగి, ఏటి వెంబడి దాదాపు 8 కిలోమీటర్లు పారినదని తేల్చిరి. చూరల్‌మల వద్ద వంతెన కొట్టుకొనిపోగా ముండక్కైకి దారి తెగినది. సైన్యమువారు 190 అడుగుల బెయిలీ వంతెనను కట్టి ఆగస్టు 1వ తేదీ నాటికి దారి కలిపిరి.

దీనినుండి రెండు విషయములు తెలియుచున్నవి. మొదటిది, కొండకు ఆనుకొని యున్న ఇంటికే ముప్పు అనుకొనుట పొరపాటు. ఏటి దిగువన కొన్ని మైళ్ళ దూరమున ఉన్నవారికిని ముప్పు గలదు. రెండవది, ఒకే వంతెనపై ఆధారపడిన ఊరు, ఆ వంతెన పోయినచో, దీవి యగును.

ప్రభుత్వము చేయుచున్నదేమి?

2005వ సంవత్సరపు విపత్తుల నిర్వహణ చట్టము ప్రకారము ప్రతి జిల్లాకు ఒక విపత్తు నిర్వహణ సంస్థ గలదు. దానికి కలెక్టరు అధ్యక్షుడు. స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షుడు. ఆ చట్టపు 41వ సెక్షను స్థానిక సంస్థలకు కొన్ని విధులను నిర్దేశించినది. సిబ్బందికి శిక్షణ యిప్పించుట, సామగ్రిని వాడుకకు సిద్ధముగ నుంచుట, తమ పరిధిలోని కట్టడములు నిబంధనల ననుసరించునట్లు చూచుట, సహాయకార్యములు జరుపుట వానిలో ముఖ్యములు. అనగా ఈ పని పంచాయతీ ఇష్టపడి చేయు ఉపకారము కాదు. చట్టము అప్పగించిన బాధ్యత.

కొండచరియల విషయమున దేశమునకంతకును భూవైజ్ఞానిక సర్వేక్షణ శాఖ ప్రధాన బాధ్యత వహించుచున్నది. ఆ శాఖవారు 2014వ సంవత్సరమున దేశవ్యాప్తముగ ముప్పు పటములను తయారుచేయు కార్యక్రమమును ప్రారంభించిరి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2009లో మార్గదర్శక సూత్రములను, 2019లో జాతీయ వ్యూహపత్రమును వెలువరించినది. జాతీయ దూరసంవేదన కేంద్రమువారు 1998 మొదలు 2022 వరకు జరిగిన దాదాపు 80,000 కొండచరియలను గుర్తించి 2023లో ఒక పటసంపుటమును ప్రకటించిరి. 2024 జూలై 19వ తేదీన కలకత్తాలో జాతీయ కొండచరియల ముందస్తు హెచ్చరిక కేంద్రము ప్రారంభమైనది. మొదట పశ్చిమ బెంగాలునందలి దార్జిలింగు, కాలింపాంగు జిల్లాలకును, తమిళనాడునందలి నీలగిరి జిల్లాకును ఈ హెచ్చరికలు పంపబడినవి.

గ్రామస్థులకు రక్షణకార్యములందు శిక్షణ నిచ్చుటకు "ఆపద మిత్ర" అను పథకము కలదు. 350 జిల్లాలలో లక్షమంది స్వచ్ఛంద కార్యకర్తలను తయారుచేయుటకు దీనిని 2021లో విస్తరించిరి. 2022 మార్చిలో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ తన విపత్తు నిర్వహణ ప్రణాళికను వెలువరించి, గ్రామస్థాయిలోనే ప్రణాళికలు ఉండవలెనని సూచించినది. కేరళ రాష్ట్రము 2020 ప్రాంతమున "నమ్మళ్ నముక్కాయి" (మనము మనకొరకు) అను ఉద్యమమును నడిపి, తన 1,034 స్థానిక సంస్థలచేతను విపత్తు ప్రణాళికలను వ్రాయించుటకు పూనుకొనినది.

2024 నవంబరున కేంద్ర ప్రభుత్వము పదునైదు రాష్ట్రములలో కొండచరియల ముప్పును తగ్గించు పనులకు 1,000 కోట్ల రూపాయలను మంజూరు చేసినది. ఆ పదునైదింటిలో మన రాష్ట్రము లేదు. నిధులు వచ్చిన తరువాత చూచుకొందమని కూర్చుండుటకు వీలులేదని దీనివలన తెలియుచున్నది. ఈ వ్యాసమున ముందు చెప్పబోవు పనులలో అధిక భాగము పెద్ద ఖర్చులేనివే.

పటమునకు అందని సంగతులు

ప్రభుత్వము గీయించిన ముప్పు పటములు సామాన్యముగ 1:50,000 కొలతకు గీయబడినవి. అనగా పటముపై ఒక సెంటీమీటరు నేలపై అర కిలోమీటరుతో సమానము. ఇరువది ఇండ్ల వాడ ఆ పటముపై ఒక చుక్క. ఆ ఇరువదింటిలో ఏ ఇంటి వెనుక వాలు త్రవ్వబడినదో, ఏ ఇంటి ప్రక్క గెడ్డ మూసుకొనిపోయినదో, ఏ ముసలమ్మ మంచము దిగలేదో ఆ పటము చెప్పజాలదు. ఆ మాట చెప్పగలవాడు ఆ వార్డు సభ్యుడు ఒక్కడే.

హెచ్చరిక విషయమును అంతియే. వాతావరణ శాఖవారు జిల్లాకు నారింజరంగు లేక ఎరుపురంగు హెచ్చరికను పంపుదురు. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు భారీ వర్షమనియు, 115.6 మొదలు అతి భారీ వర్షమనియు, 204.5 మొదలు అత్యంత భారీ వర్షమనియు వారి వర్గీకరణ. నారింజరంగునకు సిద్ధముగ నుండుడని, ఎరుపురంగునకు రక్షణచర్య గైకొనుడని అర్థము. కాని జిల్లాకు వచ్చిన హెచ్చరిక ఫలానా గుట్ట క్రింది ఫలానా వాడకు కాదు. ఆ చివరి అంగను పంచాయతీయే వేయవలసియున్నది. ప్రభుత్వము పటము గీయగలదు, హెచ్చరిక పంపగలదు. రాత్రివేళ తలుపు తట్టి మనుష్యులను లేపవలసినది ఊరే.

పంచాయతీ చేయదగిన పనులు

వానకాలమునకు ముందు, మే నెలలోనే, ఈ ఆరు పనులను పూర్తిచేయవలెను.

మొదటిది - నడచి చూచుట. సర్పంచు, వార్డు సభ్యులు, కార్యదర్శి, ఊరిలోని వృద్ధులు కలిసి ప్రతి వాడకు పైనున్న వాలును ఒక దినము నడచి చూడవలెను. వృద్ధులను వెంటబెట్టుకొనుటకు కారణము కలదు. పూర్వమెన్నడో జారిన వాలు మరల జారుట సామాన్యము. ఆ జ్ఞాపకము వారికే ఉండును. నేలలో క్రొత్త బీటలు, ఒరిగిన చెట్లు, వంగిన విద్యుత్‌స్తంభములు, గోడలలో పగుళ్ళు, బిగుసుకొనిపోయి మూతపడని తలుపులు, క్రొత్తగ పుట్టిన ఊటలు - వీనినన్నిటిని ఊరి పటముపై గుర్తింపవలెను. బీటకు అటునిటు రెండు మేకులు పాతి, వాని నడుమ దూరమును వారమునకొకసారి కొలిచినచో బీట పెరుగుచున్నదో లేదో తెలియును. పెరుగుచున్నచో తహశీల్దారునకు వ్రాతమూలకముగ తెలుపవలెను.

రెండవది - వానను కొలుచుట. నిలువు గోడలు గల ఏ పాత్రనైనను మిట్టమీద, చెట్లకును ఇండ్లకును దూరముగ నుంచి, నిలిచిన నీటి లోతును స్కేలుతో కొలిచిన అదియే మిల్లీమీటర్లలో వాన. పాఠశాల విద్యార్థులకు ఈ పనిని అప్పగింపవచ్చును. వయనాడు జిల్లాలో ఒక పరిశోధన కేంద్రము ఆధ్వర్యమున 200కు పైగా వానమాపకములు ఇట్లు పల్లెపల్లెన పనిచేయుచున్నవి. పట్టణమున గల మాపకము చూపిన అంకెకును, కొండపై కురిసిన వానకును పొంతన ఉండకపోవచ్చును. ఒక్కనాటి వానను మాత్రమే చూడరాదు. మూడు నాలుగు దినముల మొత్తమును కూడ వ్రాయవలెను. నానిన కొండకు చిన్నవానయు చాలును.

మూడవది - ఇంటింటి పట్టిక. ముప్పుగల ప్రతి ఇంటిలో ఎందరున్నారు, పసిబిడ్డలు, గర్భిణులు, నడువలేనివారు, చూపు వినికిడి లేనివారు ఎవరు, పశువులెన్ని అని వ్రాయవలెను. నడువలేని ప్రతి వ్యక్తికి ఇద్దరు యువకులను పేరుపెట్టి నియమింపవలెను. "ఎవరో ఒకరు తీసికొనివత్తురు" అనుకొనిన చోట ఎవరును రారు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త ఈ పట్టికకు మిక్కిలి తోడ్పడగలరు.

నాలుగవది - దారి, చోటు. పాఠశాలయో, సామాజిక భవనమో ఆశ్రయముగ నిర్ణయించునపుడు అది కూడ వాలు క్రింద గాని, గెడ్డ ఒడ్డున గాని లేదని ముందు చూచుకొనవలెను. దానికి రెండు దారులుండవలెను. వంతెన దాటవలసిన దారి యొకటైనచో రెండవది వంతెన లేనిదై యుండవలెను.

ఐదవది - హెచ్చరిక ధ్వని. ఫోను పనిచేయునని నమ్మరాదు. దేవాలయపు గంట, చర్చి గంట, మసీదు మైకు, తప్పెట, ఈల - ఏదైనను ఒకదానిని నిర్ణయించి, అది ఇతర సందర్భములలో మ్రోగు రీతికి భిన్నముగ మ్రోగింపవలెను. ఆ ధ్వనిని చంటివాడు కూడ గుర్తింపవలెను. టార్చిలైట్లు, త్రాళ్ళు, గునపములు, పారలు, ప్రథమచికిత్స పెట్టె ఒకచోట నుంచి, ఆ తాళపుచెవి ఇద్దరివద్ద ఉంచవలెను.

ఆరవది - అభ్యాసము. సంవత్సరమున ఒకసారి పగలు, ఒకసారి రాత్రి ఊరంతయు ఆశ్రయమునకు నడచి చూడవలెను. పగలు పది నిమిషములు పట్టిన దారి చీకటిలో, వానలో ఎంతసేపు పట్టునో అపుడే తెలియును.

హెచ్చరిక వచ్చిన రాత్రి

మాలిన్ తప్ప పైన చెప్పిన మూడు దుర్ఘటనలును రాత్రివేళనే జరిగినవి. కావున ఖాళీచేయవలసిన నిర్ణయమును చీకటిపడక మునుపే చేయవలెను. పగటివేళ సందేహము కలిగినచో రాత్రివరకు వేచియుండరాదు.

అపాయము దగ్గరపడినదని తెలుపు గుర్తులు కొన్ని గలవు. గెడ్డ నీరు అకస్మాత్తుగ బురదగ మారుట. వాన కురియుచున్నను గెడ్డలో నీరు తగ్గిపోవుట - అనగా పైన ఎచటనో చరియ అడ్డుపడి నీరు నిలిచినదని అర్థము. చెట్లు విరుగుచున్నట్లు, బండలు రాసుకొనుచున్నట్లు ధ్వని వినబడుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను అధికారుల అనుమతికై చూడక వెంటనే కదలవలెను. పరుగెత్తునపుడు గెడ్డ వెంట దిగువకు పోరాదు. ప్రవాహమునకు అడ్డముగ, ప్రక్కనున్న మిట్టకు ఎక్కవలెను. వంతెనపై నిలిచి చూడరాదు. కదలుటకు ముందో, కదలిన వెంటనో 112 లేక 1070 సంఖ్యకు వార్త తెలుపవలెను.

చరియ పడిన పిమ్మట సామానులకై వెంటనే ఇంటికి మరలరాదు. మొదటి చరియ తరువాత రెండవది పడుట తరచుగ జరుగును. అధికారులు చూచి చెప్పిన పిమ్మటనే పోవలెను.

హెచ్చరిక ఫలింపనిచో

పంచాయతీకి ఎదురగు కష్టములలో పెద్దది ఇది. ఒక రాత్రి ఊరిని ఖాళీచేయించితిమి, కొండ జారలేదు. మరునాడు జనులు నవ్వుదురు. రెండవమారు పిలిచినపుడు సగముమంది వత్తురు. మూడవమారు ఎవరును రారు. ఆ మూడవ రాత్రియే కొండ జారవచ్చును.

దీనికి పరిష్కారము జనులను మందలించుట కాదు. వారు ఏల కదలరో తెలిసికొనవలెను. పాకలోని ఆవును విడిచి ఏ రైతును రాడు. కోళ్ళను, ధాన్యమును దొంగలు దోచుకొందురని గృహిణి భయము. ఒకనాటి కూలి పోయిన కూలివానికి మరునాడు పొయ్యి వెలుగదు. ఆశ్రయమున స్త్రీలకు మరుగుదొడ్డి లేకున్న వారు వచ్చుటకు ఇష్టపడరు. కావున ఆశ్రయము ప్రక్కనే పశువులను కట్టుటకు చోటు, ఖాళీ ఇండ్లకు కావలి, వేడి భోజనము, స్త్రీలకు వేరుగ గది - ఈ నాలుగింటిని పంచాయతీ సమకూర్చినచో పిలుపునకు బదులు వచ్చును. మరియు, హెచ్చరిక యనగా జోస్యము కాదని గ్రామసభలో ముందుగనే వివరింపవలెను. పంటచేనికి రాత్రి కావలి కాసిన రైతు, ఆ రాత్రి పంది రాకున్న, కావలి వ్యర్థమైనదని అనడు. ఇదియు అట్టిదే.

చేయదగినవి, చేయరానివి

కొండ జారకుండ చేయు పనులలో మొదటిది నీటికి దారి చూపుట. ఇండ్లకు పైభాగమున వాలుకు అడ్డముగ కాలువ తీసి, పైనీటిని సురక్షితముగ గెడ్డలోనికి మళ్ళింపవలెను. కాలువలలోని ఆకులను, చెత్తను వానలకు ముందు తీయింపవలెను. రాతిగోడ కట్టినచోట వెనుకనున్న నీరు బయటికి వచ్చుటకు రంధ్రములు ఉంచవలెను. లేనిచో ఆ నీటి ఒత్తిడికి గోడయే కూలును. చెట్లను, గడ్డిని పెంచవలెను. వట్టివేరు దుబ్బులు వాలుకు అడ్డముగ వరుసలుగ నాటినచో వాని లోతైన వేళ్ళు పైమట్టిని పట్టియుంచును. ఐనను లోతునుండి జారు కొండను గడ్డి ఆపజాలదని గ్రహింపవలెను.

ఇచట ఒక హెచ్చరిక. ఇంకుడుగుంతలు మెట్టభూములకు మేలు చేయును. వానిని త్రవ్వించుటకు మన పంచాయతీలు అలవాటుపడినవి. కాని ఇండ్లకు పైనున్న నిట్టనిలువు వాలుపై, వదులుమట్టిలో అట్టి గుంతలు త్రవ్విన నీరు కొండలోనికి దిగి ముప్పును పెంచును. మైదానమునకు మందైనది కొండకు విషము కావచ్చును. అట్టిచోట్ల నిపుణుల సలహా లేనిదే త్రవ్వరాదు.

వాలు పాదమును నిలువుగ త్రవ్వి ఇల్లు కట్టుటకు పంచాయతీ అనుమతి ఇయ్యరాదు. గెడ్డ పారుదారిలో కట్టడములకు తావీయరాదు. సభ్యులకు ఇది కష్టమైన పని యని ఎరుగుదుము. అనుమతి కోరువాడు మన బంధువో, మనకు ఓటు వేసినవాడో కావచ్చును. ఐనను ఆ కాగితముపై చేయు సంతకము అతని పిల్లలు నిద్రించు చోటును నిర్ణయించుచున్నదని మరువరాదు.

శ్రద్ధకు ఫలితముండునా?

ఉండునని చెప్పుటకు మన దేశము వెలుపలి ఉదాహరణము ఒకటి గలదు. హాంకాంగు నగరమునిండ కొండలే. 1972 జూన్ 18వ తేదీన అచట ఒకేదినమున రెండు కొండచరియలు పడి 138 మంది మరణించిరి. 1976లో మరల ప్రాణనష్టము కలుగగా, 1977లో ప్రత్యేకమైన శాఖను స్థాపించి, ఆ యేటనే హెచ్చరిక పద్ధతిని ప్రారంభించిరి. మనుష్యులు త్రవ్విన లేక పోసిన దాదాపు 60,000 వాలులకు సంఖ్యలు వేసి, ఏ వాలును ఎవరు బాగుచేయవలెనో పట్టికలో వ్రాసిరి. బలహీనమైన వాలులను ఏటేట బలపరచిరి. అచట వానలు తగ్గలేదు. కొండలు కదలుట మానలేదు. మరణములు మాత్రము బహుగ తగ్గినవి. వారి ధనము మనకు లేకపోవచ్చును. ప్రతి వాలుకు ఒక సంఖ్య, ప్రతి సంఖ్యకు ఒక బాధ్యుడు అను పద్ధతికి ధనము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును.

ఆ పుస్తకమును ఈ సంవత్సరము వానలకు ముందే మొదలిడుడు. కొండ ఎన్నడు జారునో చెప్పుట ఎవరి తరము కాదు. జారిననాడు ఇండ్లలో మనుష్యులు లేకుండ చూచుట మాత్రము మన చేతిలోని పని.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరిలో వాలు క్రింద గాని, గెడ్డ ఒడ్డున గాని ఉన్న ఇండ్లెన్ని? వానిలో నడువలేనివారు ఎందరు?

2. మన పెద్దల జ్ఞాపకమున ఏ గుట్ట ఎపుడు జారినది? అచట ఇపుడు ఏమి కలదు?

3. రాత్రివేళ ఫోను, విద్యుత్తు లేకున్న ఊరిని లేపు ధ్వని ఏది? దానిని మ్రోగించువాడు ఎవరు? అతడు ఊరిలో లేనినాడు ఎవరు?

4. మనము నిర్ణయించిన ఆశ్రయమునకు రెండవ దారి గలదా? అచట పశువులకు చోటు, స్త్రీలకు మరుగుదొడ్డి ఉన్నవా?

5. గత సంవత్సరము కొండపై కట్టడములకు, త్రవ్వకములకు మనము ఇచ్చిన అనుమతులెన్ని? వానిని మరల పరిశీలింపవలసిన అవసరము కలదా?